కింది మూలన నా పేరు

1990 జూలై 14, శనివారం

ఇవాళ తెలిసింది. రెండు నెలలుగా నేను వేస్తున్నవి సమాధి బొమ్మలట.

రాజుల మేడ అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు. వాయిద్యాలు పట్టుకున్న వాళ్ళు, గుర్రాల పగ్గాలు పట్టుకున్న వాళ్ళు, టీ కాచే ఆడవాళ్ళు, వంటింట్లో పొయ్యి ఊదే మనిషి. వాడి చేతిలో అచ్చం మన ఊదుగొట్టమే. పైకప్పు నిండా చుక్కలు. ఈ ఇంటి యజమానురాలు, మేం మామా అని పిలిచే ఆమె, ఇచ్చిన చైనా పుస్తకంలో ఫోటోల మీద గళ్ళు కొట్టుకుని, అంగుళాన్ని అడుగు చేసి, సర్దాబ్ నాలుగు గోడలూ నింపుకుంటూ వస్తున్నాను. సర్దాబ్ అంటే ఈ కువైట్ ఇళ్ళకు కింద భూమిలో కట్టే పెద్ద గది. చల్లగా ఉంటుందని నా పడక కూడా అక్కడే.

పొద్దున మామా ఎప్పుడూ తిప్పని పేజీ ఒకటి తిప్పింది. నేలలో గుంట, దిగడానికి ఇటుక మెట్లు, లోపల ఇదే గది, ఇవే బొమ్మలు, మధ్యలో ఒక పెట్టె. పెట్టెలో ఏముంది మామా అని అడిగాను. మొగుడూ పెళ్ళామూ అంది, చక్కెర డబ్బాలో చక్కెర ఉంది అన్నంత మామూలుగా.

బ్రష్ అక్కడే వదిలేశాను.

పైకి వెళ్ళి సంజీవమ్మక్కకు చెప్పాను. అక్కది రాయచోటి దగ్గర పల్లె, పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో వంట చేస్తోంది. విని గరిటె పక్కన పెట్టి, ఓరి నాయనా, రెండు నెల్లుగా గోరీలో పండుకుంటాండావా నువ్వు అంది. ఇంక నా అన్నం మెట్ల మీదే పెడుతుందట. కిందికి కాలు పెట్టదట.

జూలై 15, ఆదివారం

మామాను నేరుగా అడిగేశాను. బతికున్న వాళ్ళ ఇంట్లో చచ్చిన వాళ్ళ బొమ్మలు ఎందుకు అని. నాకు నోరు ఆగదు. ఫహాహీల్ బోర్డుల షాపులో పని పోయింది కూడా దీనివల్లే.

మామా లూల్వాకు కోపం రాలేదు. ఆమె ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరైంది. చేతులు వణుకుతాయి, అందుకే నన్ను పెట్టుకుంది. సగం ఇంగ్లీషు, సగం అరబ్బీ కలిపి పాఠం చెప్పినట్టు చెప్పింది. వెయ్యేళ్ళ కిందటి మాట అట. పోయాక కూడా ఇల్లు ఇల్లులాగే ఉండాలని ఆ చైనా వాళ్ళ ఆశ. టీ కాచే వాళ్ళు కావాలి, పాడే వాళ్ళు కావాలి, గుర్రం కావాలి. అన్నీ గోడ మీద వేయించుకుని, తలుపు మూసి, మన్ను కప్పేవారు. మా గోరీల్లో ఇసుకా ఒక రాయీ తప్ప ఏమీ ఉండవు, అందుకే నాకు వాళ్ళంటే ముచ్చట అంది.

వేసిన వాళ్ళ పేర్లేమిటి అని అడిగాను. చాలా గోరీల్లో పేరే లేదట. దీపం పెట్టుకుని వేసి, బయటికి వచ్చి, మన్ను కప్పేసి వెళ్ళిపోయారట. ఎవరూ చూడరని తెలిసే వేశారట.

ఇది మాత్రం నాకు మింగుడు పడలేదు. చూసేవాడే లేకపోతే బొమ్మ ఎందుకు?

జూలై 22, ఆదివారం

తలుపు దగ్గర ఆగిపోయాను.

తూర్పు గోడకు అసలు తలుపే లేదు, బొమ్మ తలుపు వేయాలి. ఒక రెక్క మూసి, ఒక రెక్క ఓరగా తెరిచి, సందులోంచి ఒక ఆడమనిషి తొంగి చూస్తూ ఉంటుంది. పుస్తకంలో ఇలాంటివి నాలుగైదు ఉన్నాయి. ఈమె బయటికి వస్తోందా, లోపలికి పోతోందా అని అడిగాను. చదువుకున్న వాళ్ళు ఇప్పటికీ అదే తన్నుకుంటున్నారు అని మామా నవ్వింది. పాదాలు చూస్తే తెలిసిపోతుంది కదా అన్నాను. పావడా నేల దాకా ఉంది, పాదాలు కనపడవు.

నాకు ఒళ్ళు మండింది. ప్రొద్దుటూరులో పన్నెండేళ్ళు సినిమా బ్యానర్లు వేశాను. ముప్పై అడుగుల కటౌట్‌లో జనం ముందు చూసేది పాదాలే, దండ వేసేదీ అక్కడే. పాదాలు వేయనివాడు ఆర్టిస్టు కాదు. అయినా పుస్తకంలో ఉన్నట్టే వేశాను.

జూలై 27, శుక్రవారం

పని పూర్తయింది. మామా కుర్చీ వేయించుకుని గంటసేపు కూర్చుంది. కొడుకు జాసిం కూడా వచ్చాడు. పోలీసు శాఖలో లెఫ్టినెంట్, క్వార్టర్స్‌లో ఉంటాడు, శుక్రవారాలు ఇంటికి వస్తాడు. పొయ్యి ఊదేవాడి బుగ్గలు చూసి పగలబడి నవ్వాడు. బాగుంది అన్నాడు.

కింద మూలన పేరు పెట్టుకుంటాను మామా అన్నాను. వద్దంది. ఈ బొమ్మలకు పేరుండదు సబ్బాగ్, అదే వీటి అందం అంది.

సబ్బాగ్ అంటే గోడలకు సున్నం కొట్టేవాడు. రసామ్ అంటే ఆర్టిస్టు. ఈ రెండు ముక్కలకూ తేడా తెలిసేంత అరబ్బీ నాకు వచ్చు. రెండున్నర నెలలుగా ఈ ఇంట్లో నేను సబ్బాగ్‌నే.

పని నేర్పిన మా చిన్నపుల్లయ్య మేస్త్రి మొదటి రోజే చెప్పాడు, బొమ్మ ఎవడైనా వేస్తాడు, పేరూ తేదీ పడితేనే అది నీదిరా అని. తేదీ లేకపోతే థియేటర్ వాళ్ళు పాత బ్యానర్‌కు కొత్త సినిమా పేరు అతికించి వాడేసుకుంటారు. అందుకని నా చెయ్యి బ్రష్ కడిగే ముందు దానంతట అదే రాసేస్తుంది: నాగేంద్ర ఆర్ట్స్, ప్రొద్దుటూరు, కింద తేదీ. ఇవాళ చెయ్యి కట్టేసుకుని బ్రష్ కడిగాను. చాలా బాధగా ఉంది.

ఆగస్టు 2, గురువారం, ఉదయం 6

హెలికాప్టర్లు. సముద్రం వైపు నుంచి బాంబుల మోతలు. కిందికి కాలు పెట్టనన్న సంజీవమ్మక్క రేడియో పట్టుకుని సర్దాబ్‌లోకి పరుగెత్తుకొచ్చింది. వెనక మామా. ఎవరికీ ఏమీ తెలియదు.

ఆగస్టు 2, మధ్యాహ్నం 1

ఇరాక్ వాళ్ళు. దేశం మొత్తం పట్టుకున్నారట. పొద్దున పాలు వచ్చే టైముకు అయిపోయిందట.

నాకు అర్థం కావడం లేదు. నిన్న సాయంత్రం మేం ముగ్గురం పుచ్చకాయ కోసుకుని తిన్నాం. మేడ ఎక్కి చూశాను, రింగ్ రోడ్డు మీద ట్యాంకులు వరసగా పోతున్నాయి. వాటి పక్కనే ఒక అంబాసిడర్ అంత పాత కారు, పైన పరుపులు కట్టుకుని.

ఆగస్టు 3

జాసిం నుంచి ఫోను లేదు. మామా ఫోను పక్కన కుర్చీ వేసుకుంది.

ఆగస్టు 5, ఆదివారం

జాసిం వచ్చాడు. వెనక గోడ దూకి, ఎవరిదో పొట్టైన దిష్‌దాషా, అరబ్బుల నిలువు అంగీ, వేసుకుని, చెప్పులు లేకుండా.

స్టేషన్లో మొదటి రోజు కాల్పులు జరిగాయట. మూడు రోజులు ఖాళీ ఇళ్ళల్లో దాక్కుంటూ నడిచి వచ్చాడు. తారు రోడ్డు మీద కాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. సంజీవమ్మక్క కింద కూర్చుని పాదాలకు పెరుగు రాసింది. ఎడమ కాలి చిటికెన వేలు కొంచెం పక్కకు వంగి ఉంటుంది, చిన్నప్పుడు కారు తలుపులో పడిందట. ఇలాంటివి నా కళ్ళు వద్దన్నా చూస్తాయి.

ఆఫీసు ఫైళ్ళు ఇరాక్ వాళ్ళ చేతికి చిక్కాయి. పోలీసుల పేర్లు, ఇళ్ళ అడ్రసులు అన్నీ అందులో ఉన్నాయి. లిస్టు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నారట. దొరికిన వాళ్ళను ఏం చేస్తున్నారో జాసిం తల్లి ముందు చెప్పలేదు. వంటింట్లో నాకు చెప్పాడు. రాయను.

ఆగస్టు 8, బుధవారం

ఉపాయం నాది. గొప్పకు చెప్పుకోవడం కాదు, నాదే.

సర్దాబ్‌లో మెట్ల కింద ఒక అర ఉంది, ఆరడుగుల పొడుగు, మూడడుగుల లోతు. పాత సూట్‌కేసులు పెట్టే చోటు. దాన్ని చెక్కతో మూసి, చెక్క మీద బొమ్మ వేసేస్తే పక్క గోడతో కలిసిపోతుంది. అతుకులు రెండు స్తంభాల గీతల కింద దాగిపోతాయి. చేత్తో లాగితే వస్తుంది, తెలియని వాడికి అక్కడ గోడే. కటౌట్లు వేసినవాడికి ఇదేం పెద్ద పని కాదు. గాలి మెట్ల సందులోంచి వస్తుంది.

 మామా వెళ్ళి పుస్తకం తెచ్చి, ఏ బొమ్మ వేస్తావు అని అడిగింది.

ఆగస్టు 10

సబ్హాన్‌లో గోడౌన్లన్నీ మూత, కొన్ని లూటీ అయ్యాయి. చెక్క కోసం ఎక్కడికీ పోలేం. జాసిం చిన్నప్పటి టేబుల్ టెన్నిస్ బల్ల సగం విప్పాం. సుద్ద, జిగురు కలిపి మూడు పూతలు పూశాను. వంటింటి బొమ్మే వేస్తున్నాను, పొయ్యి ఊదేవాడు ఇంకొకడు, పైన కుండ. ఎర్ర రంగు తక్కువ పడింది. సంజీవమ్మక్క ఇంటిముందు నుంచి ఇటుక ముక్క తెచ్చి నూరి ఇచ్చింది.

మామా వణికే చేత్తో రంగు గిన్నె పట్టుకుని నా పక్కనే నిలబడుతోంది. జాసిం అరలో కూర్చుని లోపలి నుంచి ఇంకా ఎంతసేపు అని అడుగుతాడు. చిన్నపిల్లాడిలా.

ఆగస్టు 14, మంగళవారం, సాయంత్రం 4

అయిపోయింది. నా పదిహేనేళ్ళ పనిలో ఇంత పక్కాగా ఏదీ రాలేదు. అతుకు ఎక్కడో కాసేపు నాకే దొరకలేదు.

పొయ్యి ఊదేవాడి మడమ దగ్గర, చాలా చిన్నగా, మట్టి రంగుతో నా పేరు పెట్టుకున్నాను. మామాకు కనపడదు. తర్వాత బ్రష్ కడిగాను.

ఆగస్టు 18, శనివారం

వచ్చారు. ఆరుగురు.

 జాసిం చెక్క వెనక. మామా సోఫాలో తస్బీహ్ జపమాల తిప్పుకుంటూ. సంజీవమ్మక్క వాళ్ళకు టీ పెట్టి ఇచ్చింది. పై గదులన్నీ తిరగేశారు. టీవీ, ఏసీ, జాసిం కారు తాళాలు తీసుకున్నారు.

సర్దాబ్‌లోకి దిగి ఒక్కసారిగా ఆగిపోయారు. బొమ్మల మధ్య ఉన్నట్టుండి గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. ఒకడు తూర్పు గోడ దగ్గరికి పోయి బొమ్మ తలుపు రెక్కను తోశాడు. రాలేదు. తుపాకీ మడమతో పొడిచాడు, పెచ్చు ఊడింది. అది గోడ అని తెలిసేసరికి మిగతా ఐదుగురూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఎంత గట్టిగా నవ్వానో నాకే భయం వేసింది.

అంతే. నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. జాసిం వీపు ఆనుకున్న చెక్క వైపు ఒక్కడూ తిరిగి చూడలేదు.

మామా నా తల మీద చెయ్యి పెట్టింది. ఇన్నాళ్ళూ వేసిన బొమ్మల్లో ఇదే పెద్ద బొమ్మ అనిపించింది. చూసేవాడు లేకపోతే బొమ్మ ఎందుకు అన్నాను కదా, ఇందుకు.

ఆగస్టు 27, సోమవారం

మామా నా పాస్‌పోర్టు తెచ్చి చేతిలో పెట్టింది. ఇండియా వాళ్ళను బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌కు బస్సుల్లో పంపుతున్నారు. అక్కడి నుంచి విమానం. వెళ్ళిపో అంది. తిండి రోజురోజుకూ తగ్గుతోంది, నలుగురికి చాలదు అని అసలు సంగతి సంజీవమ్మక్క చెప్పింది. అక్క మాత్రం పోదట. ఈ ముసలామెను ఇడిసిపెట్టి నేను యాడికి పోదును, నాకు ఎవురుండారు అంది.

సుధారాణికి నేను బతికున్న సంగతి కూడా తెలియదు. పెళ్ళయి నాలుగేళ్ళు, అందులో మూడేళ్ళు ఆమె ప్రొద్దుటూరులో, నేను ఇక్కడ. వెళ్ళాలనే ఉంది. సిగ్గుగానూ ఉంది.

ఆగస్టు 29, బుధవారం, ఉదయం 7

బయలుదేరుతున్నాను. చెక్క తీసి జాసిం బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. ఇదంతా అయిపోయాక మళ్ళీ రా, ఈ చెక్క మీద నీ పేరు నువ్వే రాయి, మా అమ్మకు నేను చెప్తాను అన్నాడు.

నవ్వి ఊరుకున్నాను. ఆల్రెడీ ఉందని చెప్పలేదు.

ఆగస్టు 30, గురువారం, బస్రా, మధ్యాహ్నం 12

 ఇది రాయాలి.

నిన్నంతా దారిలోనే. రాత్రి బస్రా బయట ఒక మైదానంలో ఆపారు. ఇక్కడ వందల బస్సులు, ఎవరిది ఏదో తెలియడం లేదు. మా బస్సులో అచ్చిబాబు అని అమలాపురం వైపు మనిషి, ఏసీ మెకానిక్, మాటకారి. పొద్దున నా దగ్గరికి వచ్చి, మీరు ఆర్టిస్టంట కదండీ, మన బస్సుకో బ్యానరు రాసి పెట్టండి, ఆడాళ్ళు దారి తప్పిపోతున్నారు అన్నాడు. ఒకామె తెల్ల దుప్పటి ఇచ్చింది. ఇంజన్ ఆయిల్‌లో మసి కలిపి, గుడ్డ చుట్టిన పుల్లతో రాశాను. ఇండియా, బస్సు 7. పెద్ద అక్షరాలు, ఇంగ్లీషులో, తెలుగులో. అందరూ చప్పట్లు కొట్టారు.

అచ్చిబాబు కింది మూల చూసి నవ్వడం మొదలుపెట్టాడు. ఏవండీ, ఇక్కడ కూడా డేటు వేసేసేరేంటండీ, దీన్ని ఎవడు ఎత్తుకుపోతాడండీ అన్నాడు.

చూశాను. నాగేంద్ర ఆర్ట్స్, ప్రొద్దుటూరు. 30-8-90.

నేను రాసినట్టు నాకు తెలియదు. ఒట్టు. నా చెయ్యి రాసింది.

డైరీ తీసి ఆగస్టు 14 తిప్పాను. నా పేరు పెట్టుకున్నాను అని ఉంది. పేరు అని మాత్రమే ఉంది. కానీ తేదీ లేకుండా పేరు పెట్టడం నాకు తెలిస్తే కదా. కళ్ళు మూసుకుంటే కనపడుతోంది. పొయ్యి ఊదేవాడి మడమ, దాని కింద మట్టి రంగులో ఒక వరస, దాని కింద ఇంకో వరస. 14-8-90.

తెలుగు అయితే ఇరాక్ వాళ్ళు చదవలేరు. అంకెలు ఎవడైనా చదువుతాడు. మిగతా గోడలన్నీ జూలైకే అయిపోయినవి. దేశం పోయిన పన్నెండో రోజున ఎవడైనా గోడకు బొమ్మ వేస్తాడా? ఎందుకు వేస్తాడు?

మామాకు తెలియదు. జాసిమ్‌కు తెలియదు. ఎవరికీ తెలియకుండా రాసుకున్నాను కదా మరి. ఈ భూమి మీద నాకొక్కడికే తెలుసు, నేను ఇక్కడ ఉన్నాను.

ఆగస్టు 30, మధ్యాహ్నం 2

బస్సు దిగిపోయాను. అచ్చిబాబు చొక్కా పట్టుకుని లాగాడు. మీకు పిచ్చి గానీ పట్టిందా, ఇంటికెళ్ళే బస్సు వదిలేసి చావడానికి వెనక్కి పోతారా అన్నాడు. సుధారాణి అడ్రసు రాసిన కాగితం అతని జేబులో పెట్టాను. నేను బాగున్నానని మాత్రం చెప్పమన్నాను.

సరిహద్దు దగ్గర ఆపుతారేమో అని అడిగితే ఇప్పుడు సరిహద్దే లేదన్నారు. మొన్నటి నుంచి కువైట్ ఇరాక్‌లో పందొమ్మిదో జిల్లా అట.

ఆగస్టు 31, శుక్రవారం

నీళ్ళ ట్యాంకర్. డ్రైవరు నూర్ మహమ్మద్, పెషావర్ మనిషి. ఏమీ అడక్కుండా ఎక్కించుకున్నాడు. కువైట్ ఊరి బయట జహ్రాలో దింపాడు. అక్కడి నుంచి నడక. చెక్‌పోస్టుల దగ్గర ఇండియా, ఇండియా అంటే వదిలేస్తున్నారు. ఒక్క తడి గుడ్డ చాలు. ఒక్క తుడుపు చాలు. నడిచినంత సేపూ ఇదే అనుకుంటున్నాను.

సెప్టెంబర్ 1, శనివారం

నిన్న పొద్దున పది గంటలకు వచ్చారట. నేను చేరింది ఇవాళ పొద్దున తొమ్మిదికి.

గేటు తెరిచే ఉంది. సంజీవమ్మక్క మెట్ల మీద కూర్చుని ఉంది, నా అన్నం పెట్టే మెట్టు మీద. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

వచ్చినవాడు వెతకడానికి రాలేదు. బొమ్మలు చూడ్డానికి వచ్చినాడు నాయనా అంది.

మొన్న వచ్చిన ఆరుగురూ క్యాంపులో చెప్పుకుని నవ్వుకున్నారట, ఫలానా ఇంట్లో గోడకు తలుపు బొమ్మ ఉంది అని. అది విని వచ్చాడు. ఆఫీసరు, కళ్ళద్దాలు, మెత్తని మాట. వెంట ఇద్దరే సిపాయిలు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. మామాను అమ్మా అని పిలిచి, చూడొచ్చా అని అడిగాడు. టార్చి పట్టుకుని ఒక్కొక్క గోడ దగ్గరా నిలబడ్డాడు. ఇది చైనా సమాధి కదా అన్నాడు. మామాకు సంతోషం ఆగలేదట. ఇద్దరూ బొమ్మల గురించే మాట్లాడుకున్నారు. అక్క ఖర్జూరాలు కూడా తెచ్చి పెట్టింది.

వంటింటి బొమ్మ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత కూర్చున్నాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి జరిపి, మొహం గోడకు ఆనించినంత దగ్గరగా పెట్టి చూశాడు. మంచి బొమ్మను తెలిసినవాడు ఎలా చూస్తాడో అలాగే చూశాడు. వేలు పెట్టి చదివాడు.

వెనక్కి తిరిగి, రసామ్ ఎక్కడ అని అడిగాడు. అక్కకు ఆ మాట తెలియదు. వంటింటి బొమ్మ ముందు కూర్చుని అడుగుతున్నాడు కాబట్టి మన రసమే అడుగుతాండాడు అనుకుంది. చింతపండు అయిపోయింది సారూ, ఈ రోజు రసం లేదు అని చేతులు తిప్పి చూపించింది. చెప్తూ చెప్తూ ఆమె నవ్వబోయి ఏడ్చింది. నాకు ఏడుపు కూడా రాలేదు.

నన్ను రసామ్ అన్న మొదటి మనిషి వాడు.

ఇది ఏమిటి అని మామాను పిలిచి చూపించాడు. మామా వంగి చూసింది. అప్పుడే ఆమె మొదటిసారి చూసింది. అక్క చెప్తోంది, ఆ యమ్మ మొహంలో నెత్తురు లేదు నాయనా అని. నేనే వేశాను అందట మామా. గుబులు మరిచిపోవడానికి వేశాను అందట. ఆఫీసరు ఆమె చేతుల వైపు చూశాడు. అవి వణుకుతూ ఉన్నాయి. కుండ బొమ్మ మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టాడు. పక్క గోడ మీద రెండుసార్లు. మళ్ళీ కుండ మీద.

మామా వెళ్ళి చెక్కకు వీపు ఆనించి నిలబడింది. సిపాయి తుపాకీ ఎత్తాడు. అప్పుడు లోపలి నుంచి జాసిమే చెక్క తోసుకుని బయటికి వచ్చాడు, తల్లికి తగులుతుందని. చెప్పులు కూడా లేవు. తీసుకుపోయారు.

పోతూ పోతూ ఆఫీసరు మామాతో అన్నాడట, పని మాత్రం చాలా గొప్పగా ఉందమ్మా అని.

సెప్టెంబర్ 2, ఆదివారం

మామా కిందికి పిలిచింది. చెక్క ఒక పక్కకు ఒరిగి ఉంది. అర ఖాళీగా ఉంది, లోపల దిండు, నీళ్ళ సీసా.

ఆమె కాళ్ళ మీద పడ్డాను. నేనే రాశాను మామా, నీకు తెలియకుండా రాశాను, తేదీ వేసినట్టు నాకే తెలియదు అన్నాను. తిడుతుంది అనుకున్నాను. కొడుతుంది అనుకున్నాను. కొట్టి ఉంటే ఎంత బాగుండేది.

చదువు అంది. అర్థం కాలేదు. పొయ్యి ఊదేవాడి మడమ దగ్గర వేలు పెట్టి, ఏం రాశావు, చదివి వినిపించు అంది.

నాగేంద్ర ఆర్ట్స్, ప్రొద్దుటూరు అని చదివాను.

మామా తిరిగి అంది. నగేంద్ర. బ్రొద్దుటూర్. వాళ్ళకు ప పలకదు. తప్పు పోయిందని మళ్ళీ అడిగింది, మళ్ళీ అంది. నాలుగుసార్లు. నీ పేరు ఇంత పెద్దదని నాకు తెలియదు అంది.

 

సెప్టెంబర్ 9

మామా రోజూ స్టేషన్ ముందు ఎండలో నిలబడి వస్తోంది. అలాంటి పేరు ఎవరూ లేరంటున్నారట.

సెప్టెంబర్ 23

బస్రా జైలు అంటారు ఒకరు. మోసుల్ అంటారు ఒకరు. ఎవరికీ తెలియదు.

*

డైరీ చివర నోట్స్ అని ఖాళీ పేజీలు ఉన్నాయి. వీటి మీద తేదీ అచ్చు వేయలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మామా చెక్కను మళ్ళీ బిగించమంది. పొయ్యి ఊదేవాణ్ణి గీకేసి, అక్కడ తలుపు వేయమంది. ఓరగా తెరిచిన తలుపు. సందులో జాసిం.

వస్తున్నాడా, పోతున్నాడా అని అడగలేదు. పాదాలు బయటికి వేశాను, రెండూ గడప ఇవతలికి. ఎడమ కాలి చిటికెన వేలు పక్కకు వంచాను. మామా వంగి ఆ వేలు చూసి, అవును అంది.

చెప్పులు వేయనా అని అడిగాను. వద్దంది. పైకి వెళ్ళి వాడి తోలు చెప్పులు తెచ్చి గోడ మొదట్లో పెట్టింది, తొడుక్కోవడానికి వీలుగా.

బ్రష్ కడిగేశాను.